ఒక మంచానికి మూడు దుప్పట్లు

ఏ ఊళ్ళో ఏ హోటల్లో దిగినా, గది తాళం చెవి అందుకోకముందే నేను బల్ల మీద నా పెట్టె తెరిచి, అందులో ఉన్న దుప్పటి తీసి గుమాస్తాకి చూపిస్తాను. "ఇది నాది. నాతో తెచ్చుకున్నది. వెళ్ళేటప్పుడు నాతోనే వస్తుంది. మీ పుస్తకంలో రాసుకోండి" అంటాను. కొందరు నవ్వుతారు. కొందరు నాకు మతి చలించిందని అనుకుంటారు. నవ్వినవాడి ఎదుట కూడా, అతను రాసేదాకా నిలబడే ఉంటాను. ఈ అలవాటు నాకు విజయవాడలో, డెబ్బైల నడిమి రోజుల్లో, ఒక్క పూటలో పట్టింది.

మాది బందరు వైపు ఊరు. మగ్గాల ఇల్లు. మా తాత చేతికింద వంద మగ్గాలు ఆడేవి. సరుకు బేళ్ళు కట్టి కాలువలో పడవ మీద బెజవాడ పంపేవాడు. తను వెనకాల బండి కట్టించుకుని వెళ్ళేవాడు. అయితే వన్ టౌన్ లో ఏ కొట్టు గడపా తొక్కేవాడు కాదు. స్టేషనుకి దగ్గర్లో ఒక హోటలు ఉండేది. కింద భోజనాలు, పైన గదులు. పై అంతస్తులో మూల గది తీసుకుని, మంచం మీద తెల్లగుడ్డ పరిపించి, దాని మీద సరుకు పెట్టించి, కొట్లకి కబురు పంపేవాడు. షావుకార్లు ఒకరి తర్వాత ఒకరు మెట్లెక్కి వచ్చి చూసేవాళ్ళు. "గుడ్డ భుజాన వేసుకుని తిరిగేవాడు మూటవాడు. ఆసామీ అన్నవాడు కూర్చుంటాడు, బేరం వాడి దగ్గరకొస్తుంది" అనేవాడట. మా నాన్నా అంతే. మగ్గాలు ముప్ఫైకి దిగాక కూడా ఆ మూల గదిలోనే దిగాడు, మంచం మీదే బేరం చేశాడు.

నాన్న వెంట నేనూ రెండుసార్లు వెళ్ళాను. హోటలు పెద్దాయన స్వయంగా కింద వాకిట్లోకి వచ్చి, ఇత్తడి చెంబుతో నీళ్ళిచ్చి, "దయచేయండి, గది ఊడిపించి ఉంచాను" అనేవాడు. నాన్నకి కాఫీ గ్లాసు పడదని కంచు గిన్నె విడిగా దాచి ఉంచేవాడు. అడగకుండానే మధ్యాహ్నం అరిటాకులో భోజనం పైకి వచ్చేది. నాన్న తన దుప్పటి తను తెచ్చుకునేవాడు. మా ఇంట్లో ఎవరమూ పరాయి నేత మీద పడుకోం. అది చూసి ఆ పెద్దాయన నొచ్చుకోలేదు. ఆ దుప్పటి అంచు పట్టుకుని చూసి, "ఇలాంటివే నా గదులన్నిటికీ కావాలి" అన్నాడు. అలా ఆ హోటలు దుప్పట్లన్నీ మా మగ్గాల మీద నేసినవయ్యాయి. అతిథిని ఎలా చూడాలో ఆయనకి తెలుసు. ఆయన పోయాడు. తర్వాత కొన్నాళ్ళకి మా నాన్నా పోయాడు.

నా చేతికి వచ్చేటప్పటికి మగ్గాలు ఎనిమిది మిగిలాయి. మిల్లు దుప్పట్లు వచ్చి పడ్డాయి. షావుకార్లు మా ఉత్తరాలకి జవాబులు మానేశారు. ఆ వానాకాలం ముందు నూలు దాదాపు అయిపోయింది. మా పెద్దనేతగాడు, మా తాత దగ్గర పిల్లప్పుడు కండెలు చుట్టి, మా నాన్న దగ్గర మగ్గమెక్కినవాడు, ఒక పొద్దున వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "బాబుగారూ, వానలు మొదలైతే ఎలాగూ మగ్గం గుంటల్లో నీళ్ళొస్తాయి, మగ్గాలాగుతాయి. ఈలోగా నాలుగు నెలల పని చూపించండి. లేకపోతే మనవాళ్ళు కూలికి నాట్లకి పోతారు. పోయినవాళ్ళు మళ్ళీ రారు" అన్నాడు. ఎనిమిది మగ్గాలంటే ఎనిమిది ఇళ్ళు.

హోటలు పెద్దాయన కొడుకు హోటలు మీద మరో అంతస్తు లేపాడని విన్నాను. రెండు వందల దుప్పట్లు పడతాయి. పెద్దనేతగాడు తన చేత్తో రెండు దుప్పట్లు నేసిచ్చాడు, మచ్చుకి. వాటిని తీసుకుని నేను బయలుదేరాను. భుజాన వేసుకుని కాదు. మా నాన్న రేకుపెట్టెలో.

సాయంత్రం బస్సు దిగి హోటలుకి వెళ్ళాను. వాకిట్లో ఇత్తడి చెంబు లేదు, ఎవరూ ఎదురు రాలేదు. బల్ల వెనక ఒక గుమాస్తా, మొహానికి పౌడరు, జేబులో మూడు పెన్నులు. మూల గది అడిగాను. "అది ఫ్యామిలీ రూమండీ, ఒక్కళ్ళకి ఇవ్వం" అని పక్క గది ఇచ్చాడు. మీ ప్రొప్రయిటరు గారిని రేపు పది గంటలకి పైకి నా గదికి రమ్మని చెప్పండి అన్నాను.

"పైకా? ఆయనా?" అన్నాడు. "ఏం పనండీ?"

"ఆయనకి చెప్తాను."

ఇది గుర్తు పెట్టుకోండి. నేను దుప్పట్లు అమ్మడానికి వచ్చానని అతనికి చెప్పలేదు. గుమాస్తాతో సరుకు మాట మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఎత్తలేదు.

గదిలో మంచం మీద మిల్లు దుప్పటి ఉంది. చేత్తో తాకితే జారిపోతోంది, నడుమ పసుపు మరక. దాన్ని తీసి, మడతపెట్టి, కుర్చీలో పెట్టాను. నా పెట్టెలో ఉన్న రెండిట్లో ఒకటి తీసి పరుచుకున్నాను. రెండోది హోటలు షావుకారుకి కొత్తగా, మడత నలగకుండా చూపించాలి కాబట్టి పెట్టెలోనే ఉంచాను.

పొద్దున్నే కింద టిఫిను చేసి పైకి వచ్చేసరికి, తాళం వేసి వెళ్ళిన నా గది తలుపు బార్లా తెరిచి ఉంది. గదులూడ్చే ఆయన, యాభై ఏళ్ళవాడు, చీపురు పక్కన పడేసి నా పెట్టె ముందు నిలబడ్డాడు. పెట్టె మూత లేచి ఉంది. నన్ను చూసి అతను తప్పుకోలేదు. వరండాలోకి తొంగి, "గుమాస్తా గారూ, ఓసారి రండి, ఇక్కడ దొరికాయి" అని కేక వేశాడు.

గుమాస్తా వచ్చాడు. వెనకాలే పక్కగదిలో దిగిన ఎరువుల ఏజెంటు, నోట్లో పళ్ళపొడితో. కింద నుంచి పెళ్ళి బట్టలకొచ్చిన ఒక కుటుంబం, మెట్ల మీద ఆగి.

"ఒక మంచానికి ఒక దుప్పటి ఇస్తాం" అన్నాడు గుమాస్తా, వేలు చూపిస్తూ. "మంచం మీద ఒకటి. కుర్చీలో ఒకటి. పెట్టెలో ఒకటి. ఈ వారంలో పై గదుల్లోంచి ఒకటి పోయింది. ఏమయ్యా, ఇదేంటి?"

నిన్న "అండీ" అన్న నోరు అది. ఒక్క రాత్రికి ఏమయ్యా అయింది. దొంగ అన్న నింద కంటే నాకు ఆ ఏమయ్యా ఎక్కువ కాలింది, ఇప్పటికీ అదే కాలుతోంది. దొంగతనం అబద్ధమని తేలుతుంది. పిలిచిన పిలుపు వెనక్కి పోదు.

"తాళం వేసిన గదిలోకి మీవాడు ఎందుకొచ్చాడు? నా పెట్టె ఎవరు తెరిచారు?" అన్నాను.

"ముందు దుప్పటి సంగతి చెప్పవయ్యా."

"ఆ కుర్చీలోది మీది. మిగతా రెండూ నావి."

"ఆహా. ఊరికి పోయేవాడు దుప్పట్లు మోసుకుపోతాడా? హోటల్లో ఉండవా?"

"మీ దుప్పటి మీద నేను పడుకోను."

ఎరువుల ఏజెంటు నోట్లో పొడి వరండా గోడకేసి ఉమ్మి, "మాస్టారూ, ఆ పెట్టెలో నా తువ్వాలు కూడా ఉందేమో చూడండి, నిన్నటి నుంచి కనపడ్డం లేదు" అన్నాడు. మెట్ల మీద ఉన్నవాళ్ళు నవ్వారు.

అప్పుడు నేను పెద్ద తప్పు చేశాను. నా దుప్పటి నాదని రుజువు చేయబోయాను. మా ఇంటి ప్రతి గుడ్డకీ, తలకట్టు దగ్గర, నేత మొదలయ్యే అంచులో, రెండు ఎర్ర పోగులూ వాటి మధ్య ఒక నీలి పోగూ ఉంటాయి. మా తాత పెట్టిన గుర్తు. ఎంత దూరం పోయినా మా గుడ్డని మేం ఆ మూడు పోగులతో గుర్తుపడతాం. మంచం మీది దుప్పటి అంచు తిప్పి గుమాస్తాకి ఆ పోగులు చూపించాను. "ఇది మా ఇంటి గుర్తు. ఇలాంటిది ఇంకెవరి నేతలోనూ ఉండదు" అన్నాను.

గుమాస్తా కళ్ళు చిన్నవి చేసి చూశాడు. గదులూడ్చే ఆయనకి చెవిలో ఏదో చెప్పాడు. అతను పరుగెత్తి, మూల గదిలోంచి హోటలు పాత దుప్పటి ఒకటి పట్టుకొచ్చాడు. అంచు తిప్పారు. రెండు ఎర్ర పోగులు, మధ్య ఒక నీలి పోగు.

మా నాన్న అమ్మిన దుప్పటి. పదేళ్ళు దాటినా ఒక్క చోట చిరగలేదు. నాకు తెలియకుండా చెయ్యి దాని మీదికి పోయింది. ఎరువుల ఏజెంటు వరండా గోడ పట్టుకుని నవ్వాడు.

"అయితే మా హోటలు దుప్పట్లన్నీ నీవేనన్నమాట!" అన్నాడు గుమాస్తా.

"అవును" అన్నాను. నిజమే అన్నాను. దానికి ఇంకా నవ్వారు.

నన్ను గదిలోంచి వెళ్ళనివ్వకుండా గడప దగ్గర నిలబెట్టారు. నేను కూర్చోలేదు. వాళ్ళు కూర్చోమన్నా కూర్చునేవాణ్ణి కాదు. మా నాన్న మంచం మీద గుడ్డ పెట్టి బేరం చేసిన గదికి పక్కనే, నేను గోడకి వీపు ఆనకుండా నిలబడ్డాను. మా తాత పేరు చెప్పొచ్చు. చెప్పలేదు. ఆ పేరు అక్కడ, ఆ నవ్వుల మధ్య పడెయ్యడం నాకు ఇష్టం లేకపోయింది. ఇప్పుడు ఆలోచిస్తే, చెప్పినా ఆ గుమాస్తాకి తెలిసేది కాదు. అది ఇంకా ఘోరంగా ఉండేది.

ఈలోగా మాసిన బట్టలకి చాకలి వచ్చాడు. ముసలివాడు, నడుం వంగింది, భుజాన ఖాళీ మూటగుడ్డ. ఏమిటి గోలని అడిగాడు. గుమాస్తా చెప్పాడు. చాకలి నా మంచం మీది దుప్పటి చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలితో నలిపాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నాలుగు మూలలూ తిప్పి చూశాడు. పెట్టెలోది కూడా అలాగే చూశాడు.

"ఇవి మనవి కావండీ" అన్నాడు.

"నీకేం తెలుసు?"

"నాకు తెలీకపోతే ఎవరికి తెలుస్తుందండీ? మన ప్రతి గుడ్డకీ మూల మీద నేను నల్లజీడి రసంతో సున్నా పెట్టి కింద గీత గీస్తాను. అదిగో, మీరు తెచ్చినదాని మీద ఉంది చూడండి. వీటి మీద లేదు. చెరిపేద్దామన్నా జీడి మరక పోదు. పైగా ఇవి ఇంకా నీళ్ళు చూడలేదండీ. మగ్గం గంజి అలాగే ఉంది." దుప్పటిని నా చేతిలో పెట్టి నా మొహంలోకి చూశాడు. "మీరు నేయించారా బాబూ?"

"అవును."

"పాతవి కూడా మీవేనా?"

"మా నాన్న నాటివి."

"నా నడుం విరిగింది బాబూ ఈ దుప్పట్లతో. తడిస్తే దున్నపోతంత బరువు. బండకేసి ఎంత బాదినా చిరగవు, నా చేతులు పడిపోతాయి గానీ. మిల్లువి వచ్చాయంటే హమ్మయ్య అనుకున్నాను. మళ్ళీ తెచ్చారా?" అని గొణుక్కుంటూ మాసిన బట్టలు మూటకట్టడం మొదలుపెట్టాడు.

ఆ రోజు ఆ హోటల్లో నన్ను మనిషిగా చూసింది, నన్ను తిట్టినవాడొక్కడే.

పది గంటలకి హోటలు షావుకారు, ఆ పెద్దాయన కొడుకు, వచ్చాడు. టెరిలిన్ చొక్కా, వేలికి స్కూటరు తాళం చెవుల గుత్తి తిరుగుతోంది. గుమాస్తా ఎదురెళ్ళి మెల్లగా అంతా చెప్పాడు. షావుకారు పెద్దగా నవ్వాడు. ఎవరు చెప్పారో, చాకలే చెప్పాడేమో, నేనెవరో తెలిసింది.

"అయ్యయ్యో, మీరా! మా నాన్నగారు మీ నాన్నగారి గురించి చెప్పేవారు. పొరపాటైపోయిందండీ, ఏమనుకోకండి. రండి, కింద కాఫీ తాగుదాం" అన్నాడు. మళ్ళీ అండీ. "దుప్పట్లు బ్రహ్మాండంగా ఉన్నాయి. రెండొందలు పంపించేయండి. మీకు మనసు కష్టపెట్టాం కాబట్టి మరో ఇరవై కలుపుకోండి."

మరో ఇరవై. పడిన మాటకి దుప్పట్లతో పరిహారం.

"మీ గుమాస్తాని," అన్నాను, "ఈ వరండాలో, ఇందాక ఎవరి ముందు ఏమయ్యా అన్నాడో వాళ్ళ ముందే, తప్పయిందండీ అనమనండి. తర్వాత సరుకు సంగతి మాట్లాడదాం."

షావుకారు నవ్వు ఆపలేదు. "అబ్బే, ఎంతమాట. పనివాళ్ళండీ. నలుగురిలో నిలబెట్టి అనిపిస్తే రేపు నా మాట ఎవడు వింటాడు? నేను చెప్పాగా సారీ. ఒక మాట చెప్పండి, మీకు సరుకు అమ్ముడుపోవడం కావాలా, వాడి చేత తప్పనిపించుకోవడం కావాలా?"

ఎనిమిది ఇళ్ళు. నాకు తెలియక కాదు. ఆ క్షణాన ఒక్కొక్క ఇల్లూ వరసగా కళ్ళముందు కనపడింది.

"తప్పనిపించుకోవడమే" అన్నాను. పెట్టె మూసి, రెండు దుప్పట్లూ తీసుకుని మెట్లు దిగాను. వాళ్ళ మిల్లు దుప్పటి కుర్చీలోనే వదిలేశాను. అప్పటికే కింద బల్ల వెనక చేరిన గుమాస్తా తన కుర్చీలోంచి లేవలేదు. నేనూ అటు చూడలేదు.

మర్నాడు నూలు కొట్టులో పని ఉంది కాబట్టి ఊళ్ళో ఉండక తప్పలేదు. స్టేషను చుట్టుపక్కల ఏ హోటలు బోర్డు చూసినా ఒళ్ళు మండింది. రిక్షావాడితో, "హోటలు కానిది ఎక్కడైనా తీసుకుపో" అన్నాను. పటమట తీసుకెళ్ళాడు. ఒక పెంకుటిల్లు, ముందు కనకాంబరాలు, గుమ్మం మీద సిలువ. ఆసుపత్రిలో నర్సు పని చేసి విరమించిన ఆవిడ, పరీక్షలకీ వైద్యానికీ ఊరికొచ్చేవాళ్ళకి మూడు గదులు ఇస్తోంది. "భోంచేశారా బాబూ?" అని మొదటి మాట. తర్వాతే పేరడిగింది.

చిన్న గది. నవారు మంచం, ఉతికిన తెల్ల దుప్పటి. అలవాటు చొప్పున దాన్ని తీసి మడతపెడుతున్నాను. ఆవిడ మంచినీళ్ళు తెచ్చి గుమ్మంలో ఆగిపోయింది.

"మా దుప్పటికి ఏమొచ్చిందండీ?" అంది. "పొద్దున్నే నా చేత్తో ఉతికాను."

పొద్దుటి నుంచీ నన్నెవరో అవమానించారన్న లెక్కలోనే ఉన్నాను. నేను కూడా ఒక ఇంట్లోకి వచ్చి వాళ్ళ పక్క తీసి పక్కన పడేసేవాణ్ణని అప్పటిదాకా ఎవరూ నాకు చెప్పలేదు. మా ఇంట్లో అది మర్యాద. ఆ గుమ్మంలో అది మర్యాదలా కనపడలేదు.

"మీ దుప్పటికి ఏమీ రాలేదండీ. మాకు అలవాటు" అన్నాను, అది సమాధానం కాదని తెలిసి కూడా.

ఆవిడ లోపలికి వచ్చి నా దుప్పటి అంచు పట్టుకుంది. నర్సు చెయ్యి. గుడ్డ ఎన్నిసార్లు ఉడకబెడితే ఆగుతుందో తెలిసిన చెయ్యి. "గట్టిగా ఉందే. ఎక్కడ కొన్నారు?"

"కొన్నది కాదండీ. మేమే నేయిస్తాం." అక్కడ ఆగాలి. ఆగలేదు. "అమ్ముతాం కూడా."

నా జీవితంలో నేను ఆ మాట నోటితో అనడం అదే మొదటిసారి. కూర్చున్న చోటికి బేరం రావాలి, మనం అడగకూడదు. అడిగేశాను. ఆవిడ ఆరు దుప్పట్లు కావాలంది, క్రిస్మస్ లోగా. ఆ రాత్రి ఆవిడ దుప్పటి మీదే పడుకున్నాను. నిద్ర పట్టలేదు, కానీ అది దుప్పటి తప్పు కాదు.

ఊరికి వెళ్ళి పెద్దనేతగాడికి అంతా చెప్పాను. అరుగు మీద కూర్చుని విన్నాడు. గుమాస్తా ఏమయ్యా అన్నాడని చెప్పినప్పుడు తల దించుకున్నాడు. రెండు వందల ఇరవై కాదన్నానని చెప్పినప్పుడు తలెత్తాడు. నేను అతని కళ్ళలోకి చూడలేకపోయాను. ఆరు దుప్పట్ల మాట కూడా చెప్పాను.

"ఆరు" అన్నాడు. "మచ్చుకి తీసుకెళ్ళిన రెండూ ఉన్నాయా బాబుగారూ?" అని అడిగాడు.

"ఉన్నాయి."

"ఒకసారి ఇస్తారా?"

ఇచ్చాను. ఎందుకని అడగలేదు. అడిగితే చెప్పేవాడు, చెప్తే వద్దనేవాణ్ణి. నాలుగో రోజు సాయంత్రం మా వాకిట్లోకి వచ్చి, భుజం మీద మూట దించి, చెంబెడు నీళ్ళు అడిగి తాగాడు.

"రెండొందలు ఖాయం చేసుకొచ్చానండీ. ఇరవై సంగతి నేను అడగలేదు, ఆయనా అనలేదు. నూలుకి బయానా ఇచ్చాడు."

"నిన్ను లోపలికి రానిచ్చారా?"

"ఎందుకు రానివ్వరండీ? మూట భుజాన వేసుకుని ముందు వాకిలిలోంచే వెళ్ళాను. ఆ పౌడరాయన, దుప్పట్లా అన్నాడు. అవునన్నాను. కూర్చోమన్నాడు."

"నిన్ను ఏమన్నాడు? ఏమయ్యా అన్నాడా?"

"ఏమయ్యా అనే అన్నాడు. నన్ను ఏమయ్యా అనకపోతే ఏమంటాడండీ?" అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, నెమ్మదిగా, నన్ను నొప్పించకూడదన్నట్టు అన్నాడు. "దొంగ మాత్రం అనలేదండీ. మూట పైకి కనబడుతోంది కదా. నేతవాడని తెలిసిపోయింది. మీరు పెట్టెలో దాచుకుని వెళ్ళారు, బాబుగారూ. దాచుకున్నవాణ్ణి ఎవరైనా అలాగే అడుగుతారు."

గుమాస్తా మీద కోపం తగ్గలేదు, ఇన్నేళ్ళకీ తగ్గలేదు. అతను తప్పయిందని ఎప్పుడూ అనలేదు. నేను ఆ మెట్లు మళ్ళీ ఎక్కలేదు. కానీ ఆ రోజు నుంచి పెట్టెలోని నా దుప్పటిని ముందు బల్ల దగ్గర చూపించకుండా నేను ఏ హోటలు గదిలోకీ వెళ్ళలేదు.

మగ్గాలు ఆడాయి. వానలు రాకముందే సరుకు తయారైంది. బళ్ళకెత్తే రోజున పెద్దనేతగాడు, "మీరు వస్తారా?" అని అడిగాడు. రానన్నాను. "అయితే ఆ గుమాస్తాతో ఏమన్నా చెప్పమంటారా?" అన్నాడు.

"తలకట్టు దగ్గర రెండు ఎర్ర పోగులు, మధ్య ఒక నీలి పోగు. చూసి గుర్తు పెట్టుకోమను."

"అతనికి చెప్పడం దేనికండీ" అన్నాడు, మూటలు సర్దుతూ. "ఆ చాకలి ముసలాయన రేపట్నుంచి రోజూ మన పేరు ఎత్తి తిడుతూనే ఉంటాడు. అందరికీ గుర్తుంటుంది."